కరణము అరుగునుండి కంప్యూటరు గదివరకు



నా బాల్యమున ఊరి లెక్కలన్నియు కరణముగారి దస్త్రములో నుండెడివి. ఏ చేను ఎవరిది, అందేమి పైరున్నది అను సంగతి అడంగలు చెప్పెడిది. పెద్దరైతు కరణముగారి అరుగుపై కూర్చుండి దాని నకలు వ్రాయించుకొనెడివాడు. దళితవాడ రైతు వీథిలో నిలిచి వేడుకొనెడివాడు. స్త్రీలు తాము పోక కొడుకునో మఱదినో పంపెడివారు.

1984లో ప్రభుత్వము కరణీకమును రద్దుచేసెను. లెక్కలు మండల కార్యాలయమునకు చేరి, క్రమముగ కంప్యూటరులోని కెక్కినవి. 2002లో పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలో ఈ-సేవ కేంద్రములు వెలసినప్పుడు, పొదుపు సంఘముల స్త్రీలే వానిని నడపిరి. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకము ఆరంభమయినది; కూలివారి దినముల లెక్కయు యంత్రమున చేరినది. 2011లో మీ-సేవ వచ్చెను. 2019లో గ్రామ సచివాలయము లేర్పడగా యంత్రము మన యూరికే వచ్చినది.

యంత్రమునకు కులభేదము లేదు, స్త్రీపురుష భేదము లేదు. కాని యంత్రమున్న గదికి ఆ భేదములు తప్పలేదు. 2019లో ఆంధ్రప్రదేశమున జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లవఱకు వయసుగలవారియందు, ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన పురుషులు నూటికి సుమారు 49 మంది. స్త్రీలు 21 మందియే.

వేరుసెనగ యెండిన యొక యేట, భర్త గతించిన యొక రైతుస్త్రీ నాయొద్దకు వచ్చినది. పంట బీమా సొమ్ము అందరికిని వచ్చెను, ఆమెకు రాలేదు. కేంద్రమున కేల పోలేదని యడిగితిని. "అయ్యోరూ, ఆడ అంతా మొగోళ్లే కూసోని ఉండారు, నేనెట్ల పోవల్ల?" అనినది. నేను వెంట పోయితిని. ఆమె పేరులో నొక అక్షరము తప్పుగ నెక్కియుండెను. దిద్దుటకు అర్జీ పెట్ట అర్ధగంట పట్టినది. అంతకు మున్నామె మూడు మార్లు ఆ గడపదాక వచ్చి మరలిపోయినదట!

మనము కరవుసీమవారము. బావిలో నీరున్నంత మాత్రమున దాహము తీరదనియు, చేద చేతి కందవలెననియు మన మెఱుగుదుము. పూర్వము అరుగుమీద కూర్చున్నది మనవంటి పెద్దలే. నేడు ఆ గదిముందు బల్లమీద కూర్చున్నదియు మనమే. వారమున కొకపూట ఆ తావును స్త్రీలకు విడుతము. వాడలవారు వచ్చినప్పుడు వరుస తప్పకుండ చూతము. చదువు రానివారికి వారి లెక్కను బిగ్గరగ చదివి వినిపింతము. దీనికి ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు. మనము బల్లమీదనుండి లేచిన చాలును.