పల్నాడు గిరిజన పిల్లల చదువు: సెటిల్మెంటు బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా

పల్నాడు జిల్లాలో గిరిజనులు రెండు తీరుల నేలల మీద బతుకుతున్నారు. పడమట నల్లమల అంచున మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచుల గూడేలు, సుగాలీల తండాలు ఉన్నాయి. తూర్పున నాదెండ్ల, చిలకలూరిపేట, నరసరావుపేట వైపు మిరప, పత్తి, పొగాకు పండే మైదానంలో ఎరుకలు, యానాదులు ఊరికి కొన్ని ఇళ్ల చొప్పున చెదిరి ఉన్నారు. అడవి అంచున ఉన్నవాళ్లకు బడి దూరమైంది. మైదానంలో ఉన్నవాళ్లకు బడి ఊళ్లోనే ఉన్నా అందులో చోటు దక్కలేదు. ఈ రెండు కొరతలూ ఎలా ఏర్పడ్డాయో, ఎంతవరకు తీరాయో చెప్పేదే ఇక్కడి గిరిజన విద్య చరిత్ర.

బడికి ముందు

బడి లేని కాలంలోనూ ఈ కులాల పిల్లలు చదువులేనివాళ్లు కారు. చెంచు పిల్లవాడు కొండచరియల మీద తేనెపట్టు తీయడం, గడ్డలూ దుంపలూ గుర్తుపట్టడం పెద్దల వెంట తిరిగి నేర్చుకునేవాడు. యానాదులకు పాముల గురించి, చేపల గురించి, మందు మొక్కల గురించి తరతరాల తెలివిడి ఉంది. ఎరుకల ఇళ్లలో ఆడపిల్లలు తల్లి పక్కన కూర్చుని ఈత బరికెలతో, వెదురుతో బుట్టలూ తట్టలూ అల్లేవాళ్లు. సోది చెప్పే పద్ధతీ అలాగే అబ్బేది. సుగాలీలు పశువుల పెంపకాన్ని, అద్దాల కుట్టుపనిని, పాటల్లో దాచుకున్న తమ వంశాల కథలను పిల్లలకు అందించేవాళ్లు.

ఎరుకలకు, సుగాలీలకు ఇంకో జీవనాధారం సరుకుల రవాణా. సముద్రతీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేర్చి, బదులు ధాన్యం తెచ్చుకునేవాళ్లు. బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుని పన్ను పెంచింది. 19వ శతాబ్దం చివరలో గుంటూరు నుంచి గుంతకల్లు వైపు రైలు మార్గం పడింది. నేటి నాదెండ్ల మండలంలోని సాతులూరు స్టేషన్ మీదుగా సాగే దారి అదే. రైలుపెట్టె ఒక్కరోజులో మోసే సరుకుకు ఎద్దుల బిడారు పోటీ కాలేకపోయింది. బతుకుదెరువు పోయి ఊరూరా తిరిగే జనం పోలీసుల కళ్లకు అనుమానితులయ్యారు.

నిఘా నీడలో అక్షరాలు

ఉత్తర భారతంలో 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకల కులంలో పుట్టడమే నేరానికి ఆనవాలుగా లెక్కలోకి వచ్చింది. పేర్లు నమోదు చేయించుకోవాలి, అధికారి ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

ఈ కుటుంబాలను ఒకచోట కట్టడిచేసి ఉంచిన సెటిల్మెంట్ల నిర్వహణను ప్రభుత్వం ఎక్కువగా మిషనరీలకు అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీ 1913 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున సీతానగరంలోను, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోను సెటిల్మెంట్లు నడపసాగింది. స్టూవర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీదుగా వచ్చింది. కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసుకుంది. సీతానగరంలో పెద్దలు రాళ్ల క్వారీలో పనిచేశారు. స్టూవర్టుపురం వాళ్లు పొలాల్లోను, చీరాల పొగాకు ఫ్యాక్టరీలోను కూలికి పోయారు. పిల్లలకు బడి పెట్టారు.

ఆ బడి వల్ల కొందరికి చదవడం, రాయడం వచ్చిన మాట నిజం. అయితే దాని ఆశయం పిల్లవాడిని తన వాళ్ల అలవాట్ల నుంచి విడదీసి క్రమశిక్షణ గల కూలీగా తీర్చడం. ఇదే ఆలోచనతో అమెరికాలో 1879లో ఆదివాసి పిల్లల కోసం కార్లైల్ పాఠశాల మొదలైంది. కెనడా, ఆస్ట్రేలియాలు ఆదివాసి పిల్లలను కుటుంబాల నుంచి తీసుకుపోయాయి. ఆ రెండు దేశాల ప్రభుత్వాలూ 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాయి. కెనడాలో సత్యశోధన సంఘం 2015లో పూర్తి నివేదిక ఇచ్చింది. తెలుగునేల మీద సెటిల్మెంట్లలో పెరిగిన పిల్లల అనుభవాలకు అంతటి బహిరంగ విచారణ జరగలేదు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది పోయింది. చట్టం పోయినా పేరు మీద పడిన మచ్చ పోలేదు. స్టూవర్టుపురం నుంచి వచ్చానని చెప్పుకునే విద్యార్థి తరగతిలో అనుమానపు చూపులను ఎదుర్కోవలసి వచ్చింది. సినిమాలు, నవలలు ఆ ఊరిని దొంగల ఊరుగానే చూపాయి.

సంస్కర్తల కృషి

ప్రభుత్వానికి ఆవల ఈ కులాల మధ్య పనిచేసినవాళ్లలో వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు. నెల్లూరు కేంద్రంగా యానాదుల మధ్య దశాబ్దాలు గడిపి, వెట్టికి వ్యతిరేకంగా, చదువు కోసం వాళ్లను కూడగట్టాడు. నేరస్థ జాతుల చట్టం రద్దు కావాలని పోరాడాడు. యానాదుల జీవితం మీద ఆయన రాసిన ఆంగ్ల గ్రంథం 1962లో వెలువడింది.

స్టూవర్టుపురంలో 1970ల నుంచి పనిచేసిన హేమలతా లవణం పల్నాడు బిడ్డే అనదగిన మనిషి. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా ఆమె తండ్రి. ఆమె, భర్త లవణం కలిసి నేరం ముద్రపడ్డ కుటుంబాలతో మాట్లాడి, పునరావాసానికీ పిల్లల చదువుకూ దారి వేశారు. శిక్ష తేలేని మార్పును నమ్మకం తెస్తుందని వాళ్ల కృషి నిరూపించింది.

రాజ్యాంగం తెరిచిన దారి

1956లో సవరించిన జాబితాతో ఆంధ్ర ప్రాంతంలోని ఎరుకలు, యానాదులు, సుగాలీలు షెడ్యూల్డు తెగలుగా గుర్తింపు పొందారు. తెలంగాణలో లంబాడీలుగా పిలిచే సుగాలీలకు ఆ గుర్తింపు 1976 సవరణ చట్టంతో గానీ రాలేదు. చెంచులను 1970ల మధ్యలో ఆదిమ గిరిజన సమూహాల్లో చేర్చారు. సంక్షేమ హాస్టళ్లు, ఉపకార వేతనాలు, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతి మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండకు వచ్చింది. తరవాత గిరిజన పిల్లలకు వేరుగా గురుకులాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన రిజర్వేషన్ 1986లో 4 నుంచి 6 శాతానికి పెరిగింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 1961లో 4.41 శాతం, 1991లో 17.16, 2001లో 37.04, 2011లో 49.21. అదే 2011లో రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 67.02 శాతం. యాభై ఏళ్లలో పదకొండు రెట్లు పెరిగినా, గిరిజనుల్లో సగం మందికి పైగా అక్షరానికి ఆవలే మిగిలారు.

చెదిరిన జనం, చేరని చట్టం

గిరిజన సంక్షేమ విధానం ప్రధానంగా కొండ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాల్లో పల్నాడు లేదు. ఆ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 జనవరి నాటి జీవో 3 ఇక్కడికి రాలేదు. ఆ జీవోను కూడా సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నల్లమల చెంచులకు శ్రీశైలం కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. నాదెండ్ల వంటి మండలంలో పది ఊళ్లకు పంచుకున్నట్టు ఉండే ఎరుకల, యానాది కుటుంబాలకు మాత్రం కులధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, ఇంటి పట్టా ఒక్కొక్కటీ ఒక్కో గడప. కులధ్రువీకరణ పత్రం లేకపోతే హాస్టల్ సీటూ లేదు, ఉపకార వేతనమూ లేదు.

బడి మానడానికి పొలం పనుల కాలమూ కారణమే. పత్తి తీతలు, ఆపైన మిరప కోతలు బడి నడిచే నెలల్లోనే వస్తాయి. కూలికి పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ కదులుతారు. పెద్దపిల్ల చిన్నవాళ్లను చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగిపోతుంది. వలస తిరిగి వచ్చేసరికి పరీక్షలు దాటిపోతాయి.

భాష, పాఠం

చెంచులు, యానాదులు తెలుగే తమదైన యాసలో మాట్లాడతారు. ఎరుకల ఇంటిభాష ద్రావిడ భాషల్లో తమిళానికి దగ్గరది. సుగాలీల గోర్ బోలి రాజస్థానీకి దగ్గరి ఇండో ఆర్య భాష. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించేందుకు ప్రయత్నించాలని 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. దానికి చాలా ముందే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. నాటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో 1940లలో గోండులకు గోండిలో బోధన మొదలైంది. 2000 తరవాతి దశకంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించింది. అందులో సుగాలీల భాష బంజారా పేరుతో ఉంది. ఎరుకల భాష లేదు.

ఉన్నత విద్యలో

గుంటూరు పక్కన 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం పల్నాటి గిరిజన యువతకు దగ్గరి ఉన్నత విద్యాకేంద్రమైంది. 2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ గిరిజన విశ్వవిద్యాలయాలను వాగ్దానం చేసింది. ఆంధ్రప్రదేశ్‌ది 2019లో విజయనగరంలో మొదలైంది. తెలంగాణలో సమ్మక్క సారక్క పేరిట ములుగులో గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 2023లో చట్టం వచ్చింది.

సీటు దొరకడంతోనే చదువు తమదైపోదు. తమ గురించి ఇతరులు రాసినదాన్ని చదివే స్థితి నుంచి తామే రాసే స్థితికి రావాలి. ఆ మార్పు మొదలైంది. తెలంగాణ బంజారా యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ తండా జీవితపు కథల సంపుటి 'ధావ్లో'కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. పల్నాడు గురించి చెప్పే పాఠాల్లో పల్నాటి యుద్ధానికి, కొండవీటి రెడ్లకు చోటు దక్కింది. ఉప్పు బిడారు నడిపిన ఎరుకలు, సెటిల్మెంటులో అక్షరాలు దిద్దిన పిల్లలు, నల్లమలను ఎరిగిన చెంచులు కూడా ఈ జిల్లా చరిత్రే. ఆ చరిత్ర తరగతి గదిలో పాఠమైనప్పుడు గిరిజన విద్యార్థి బడిలో అతిథిగా కాక హక్కుదారుగా కూర్చుంటాడు. పక్కన కూర్చున్న పిల్లలూ తమ ఊరిని పూర్తిగా తెలుసుకుంటారు.