ఐడీఓ జాడ తీసే యాంటీబాడీ

1967లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఒసాము హయాయిషి బృందం కుందేలు పేగులో ఒక ఎంజైమును గుర్తించింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టి కైనురెనిన్‌గా మారే దారి పట్టించడం దాని పని. ఇండోలమీన్ 2,3-డైఆక్సిజినేజ్ అనే పొడవాటి పేరు తరవాత స్థిరపడింది. ప్రయోగశాలల్లో మాత్రం అందరికీ అది ఐడీఓ. రోగనిరోధక వ్యవస్థకు కళ్లెం వేసే శక్తి దానికి ఉందని అప్పటికి ఎవరూ అనుకోలేదు.

తొలి రోజుల్లో చేసిన పనిని బట్టే ఎంజైము ఉనికిని తేల్చేవారు. ఎర్లిక్ రసాయనం కలిపితే కైనురెనిన్ పసుపు రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఎంజైము అంత చురుగ్గా ఉన్నట్టు. చిక్కేమిటంటే, కాలేయంలోని టీడీఓ అనే మరో ఎంజైము కూడా ఇదే పని చేస్తుంది. పైగా కొలతకోసం కణజాలాన్ని నలగ్గొట్టాలి. నలిగాక ఐడీఓ ఏ కణంలో ఉండేదో చెప్పడం అసాధ్యం. దాన్నొక్కదాన్నే పట్టుకుని, ఉన్నచోటే చూపించే సాధనం కావలసి వచ్చింది.

అలాంటి సాధనానికి పునాదులు అప్పటికే పడ్డాయి. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో రోగనిరోధకత పొందిన జంతువుల సీరమ్ విషాన్ని విరిచేస్తుందని చూపించారు. సీరమ్‌లో ఆ పని చేసే ప్రోటీన్లే యాంటీబాడీలు. 1940ల మొదట్లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి మెరిసే రంగును తగిలించి, సూక్ష్మదర్శిని కింద లక్ష్యాన్ని వెలిగించాడు. కానీ జంతువు నుంచి తీసే సీరమ్‌లో రకరకాల యాంటీబాడీలు కలిసి ఉంటాయి. ఆ జంతువు చనిపోతే అచ్చం అలాంటి సీరమ్ మళ్లీ దొరకదు.

1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఈ ఇబ్బందిని దాటించారు. యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని కాలమంతా ఇచ్చే కణవంశాన్ని సృష్టించారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది.

అదే ఏడాది ఎల్మర్ ఫెఫర్‌కోర్న్ ఐడీఓ చేసే పని గురించి ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టాడు. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ తగిలిన మానవ కణాలు తమలోని ట్రిప్టోఫాన్‌ను విరగ్గొట్టి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని పస్తు పెడుతున్నాయి. 1998లో అమెరికాలోని జార్జియా వైద్య కళాశాలకు చెందిన డేవిడ్ మన్, ఆండ్రూ మెలర్ బృందం గర్భంతో ఉన్న ఎలుకలకు ఐడీఓను అడ్డుకునే మందు ఇచ్చింది. వేరే జాతి తండ్రి వల్ల కలిగిన పిండాలను తల్లి దేహం తిరస్కరించింది. ఒకే జాతి తల్లిదండ్రుల పిండాలకు ఏమీ కాలేదు. తల్లి రక్షణకణాలను ఐడీఓ అదుపులో పెడుతోందన్నమాట. జీవశాస్త్రంలో ఇంత అందమైన ప్రయోగాలు అరుదు.

2003లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు చాలా రకాల మానవ కణితుల్లోనూ ఐడీఓ ఉందని చూపించారు. దాంతో దాని యాంటీబాడీకి గిరాకీ పెరిగింది, పరీక్షా పెరిగింది. 2007లో ఐడీఓ2 అనే దగ్గరి చుట్టం బయటపడింది. ఒకదానికోసం చేసిన యాంటీబాడీ రెండోదాన్నీ పట్టుకోవచ్చు. అప్పటినుంచి పాతదాన్ని ఐడీఓ1 అంటున్నారు.

యాంటీబాడీ ఐడీఓ1నే పట్టుకుంటోందని నిర్ధారించుకోవడానికి ఒక చక్కని దారి ఉంది. ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే మానవ కణాల్లో మామూలుగా ఐడీఓ1 దాదాపు కనిపించదు. ఇంటర్‌ఫెరాన్ గామా కలిపితే పుష్కలంగా పుడుతుంది. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో కలపని నమూనా ఖాళీగా ఉండి, కలిపినదానిలో సుమారు 45 కిలోడాల్టన్ల దగ్గర గీత పడాలి. అయితే ఇంటర్‌ఫెరాన్ ఎన్నో ఇతర ప్రోటీన్లనూ పెంచుతుంది. అందుకే ఐడీఓ1 జన్యువును తొలగించిన కణాల్లో ఆ గీత మాయమవుతుందో లేదో కూడా చూడాలి. ఈ రెండో మెట్టు ఎక్కని యాంటీబాడీని నమ్మి రోగి కణితి గురించి మాట్లాడటం తొందరపాటే. 2023లో 65 మానవ ప్రోటీన్లకు మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను ఇలా జన్యువు తీసేసిన కణాలపైనే పరీక్షించారు. జన్యుక్రమం తెలిసి, దాని ఆధారంగా తయారైన రీకాంబినెంట్ రకాలే మొత్తంమీద మెరుగ్గా నిలిచాయి.

2015లో బ్రస్సెల్స్ బృందమే, జాగ్రత్తగా సరిచూసుకున్న కొత్త యాంటీబాడీతో 866 కణితుల నమూనాలను పరిశీలించింది. సగానికి పైగా వాటిలో ఐడీఓ1 కనిపించింది. గర్భాశయ లోపొర, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ముందు వరసలో ఉన్నాయి. అంటే గణనీయమైన భాగంలో అది లేదు కూడా. ఆ తేడా మందుల పరీక్షలకు ఎంతో అవసరమైన సమాచారం. అయినా ముదిరిన మెలనోమా ఉన్న 706 మందిపై ఎపకాడోస్టాట్ అనే ఐడీఓ1 నిరోధకాన్ని పెంబ్రోలిజుమాబ్ అనే మరో క్యాన్సర్ మందుతో కలిపి పరీక్షించినప్పుడు, కణితిలో ఐడీఓ1 ఉన్నవారినే ఎంపిక చేయలేదు. 2018లో ఫలితం వచ్చింది: అదనపు ప్రయోజనం లేదు. వైఫల్యానికి కారణం అదొక్కటే అనలేం. మందు మోతాదు చాలిందా, టీడీఓ పక్కదారి ఇచ్చిందా అన్న ప్రశ్నలూ వచ్చాయి.

యాంటీబాడీకి ఇంకో హద్దూ ఉంది. ఐడీఓ1 పనిచేయాలంటే హీమ్ అనే ఇనుప సమ్మేళనం దానిలో ఇమిడి ఉండాలి. కణంలో హీమ్ లేని ఐడీఓ1 కూడా తిరుగుతుంటుంది. మామూలు యాంటీబాడీకి రెండూ ఒకటే. లిన్‌రోడోస్టాట్ అనే మందు ఆ హీమ్ లేని రూపాన్నే పట్టుకుంటుంది. అందుకని స్లైడు మీద ఐడీఓ1ను చూసే పరిశోధకులు, రక్తంలో ట్రిప్టోఫాన్‌తో పోల్చి కైనురెనిన్ ఎంతుందో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో విడిగా కొలుస్తున్నారు.