పలివెలలో వెంట్రుకవాసి

కోనసీమలోని పలివెల స్థలపురాణమిది. రాజునకిచ్చిన స్వామి ప్రసాదమందు వెంట్రుక కనబడగా, భీతుడైన అర్చకుడు అది స్వామి కేశమేనని బొంకెను. రాజు పరీక్షింపరాగా శివలింగముపై కొప్పు గోచరించెను. నాటినుండి స్వామి కొప్పులింగేశ్వరుడు.

ఇట్లు తృటిలో తప్పిన ఆపదను చెప్పునపుడు ఆంగ్లేయులు ‘హెయిర్స్ బ్రెడ్త్’ అందురు. మన ‘వెంట్రుకవాసి’యు అదియే. అయితే మనకిది అలంకారమాత్రము కాదు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు ‘వాలాగ్రము’ను, అనగా కేశాగ్రమును, కొలతలలో గణించెను. అంతకు మునుపే శ్వేతాశ్వతరోపనిషత్తు, కేశాగ్రములో పదివేలవ వంతు జీవుడనియు, అతడే అనంతత్వమునకు అర్హుడనియు బోధించినది.

అర్చకుని కాచినది అతని బొంకు కాదు, యోగ్యతయు కాదు, ఈశ్వరకృప. ఆపద ప్రవేశించుటకు చాలిన వెంట్రుకవాసి ఎడము అనుగ్రహమునకును చాలును.