ఆకలివాడు గీసిన విందులు

మే 26 జార్జియాకు పండుగ రోజు. 1918లో ఆ తేదీనే రష్యా సామ్రాజ్యపు శిథిలాల్లోంచి విడివడి స్వతంత్రం ప్రకటించుకుంది. ఈ సందర్భానికి యుద్ధాల గురించి రాయడం ఆనవాయితీ. నాకు మాత్రం ఆ దేశ చరిత్రను భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదవడమే ఇష్టం.

మొదలు చాలా వెనక ఉంది. రాజధాని టిబిలిసికి దక్షిణాన గడాచ్రిలి గోరా అనే దిబ్బ తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్ళున్నాయని 2017లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అవి క్రీ.పూ. 6000 నాటివి. ఆ తర్వాతి ఏడు వేల ఏళ్ళూ సామాన్యుడు ఏం తిన్నాడో చెప్పే ఆధారాలు బహు పలుచన. కనుక ఒక్క దూకు దూకేద్దాం. అరబ్బులు వచ్చారు, మంగోలులు వచ్చారు, తైమూరు వచ్చాడు. 1795లో పర్షియన్లు టిబిలిసిని తగలబెట్టారు. 1801లో రష్యా కలిపేసుకుంది. నడుమ 1673లో షార్దాన్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి పర్షియా వెళ్తూ ఇక్కడ ఆగి, ఇంత మంచి వైన్‌ను ఇంత ఎక్కువగా తాగే దేశం మరొకటి లేదని రాసిపెట్టాడు. పాత ఊళ్ళో ఇప్పుడు అతని పేరిట ఓ వీధి ఉంది, వీధి నిండా హోటళ్ళే. మరో రెండు శతాబ్దాలకు నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా వచ్చి, విందు ఇచ్చిన పత్రికవాళ్ళ కంటే తానే ఎక్కువ తాగినట్టు వాళ్ళ చేతే ధ్రువపత్రం రాయించుకుపోయాడు. పత్రికవాళ్ళు ఇచ్చే ధ్రువపత్రాన్ని ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

నేను ఆగాలనుకునేది ఆ తర్వాత. పంతొమ్మిదో శతాబ్దం చివర టిబిలిసి సందుల్లో, రైల్వే స్టేషన్ చుట్టూ దుఖాన్‌లు ఉండేవి. వైన్, రొట్టె, కాల్చిన మాంసం దొరికే పూటకూళ్ళ అంగళ్ళు అవి. వాటి గోడల మీద బొమ్మలు గీస్తూ బతికినవాడు నికో పిరోస్మాని. 1862లో కాఖేతి ప్రాంతంలోని మిర్జాని పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లీదండ్రీ పోయారు. రైల్లో పనిచేశాడు, పాలకొట్టు పెట్టాడు, దాన్నీ వదిలేశాడు. చివరికి దుఖాన్‌ల వెంట తిరుగుతూ ఇక్కడో బోర్డు, అక్కడో గోడబొమ్మ వేసేవాడు. కూలి చాలాసార్లు డబ్బు కాదు, ఓ పూట భోజనం, ఓ గ్లాసు, పడుకోవడానికి ఓ మూల.

గోడలు కాక, ఎక్కువగా గీసింది నల్లటి ఆయిల్‌క్లాత్ మీద. నలుపు కావలసిన చోట రంగు వేయకుండా గుడ్డనే వదిలేసేవాడు. ఆ పొదుపు పేదరికంతో వచ్చిందో, పనితనంతో వచ్చిందో విమర్శకులు తేల్చుకోనీ. ఆ చీకట్లోంచి తెల్లటి బల్లగుడ్డ ఒక్కసారిగా వెలుగుతుంది. దాని మీద రొట్టెలు, చేపలు, పచ్చి ఉల్లికాడలు, వైన్ కూజాలు. వెనక మీసాలవాళ్ళు వరసగా కూర్చుని, చేతిలో కొమ్ముపాత్ర ఎత్తి పట్టుకుని, ఫోటో తీయించుకుంటున్నట్టు సూటిగా మనకేసి చూస్తుంటారు. ఎవరూ నవ్వరు. జార్జియాలో విందంటే అంత గంభీరమైన వ్యవహారం మరి. తమాదా అనే పెద్దమనిషి లేచి ఒక్కొక్కరి పేరా పానపాత్ర ఎత్తాలి. దేశానికి, పోయినవాళ్ళకు, పిల్లలకు, అతిథికి. వరస తప్పడం, ఆయన కంటే ముందు గుటక వేయడం మర్యాద కాదు.

1912లో ఇల్యా, కిరిల్ జ్దానెవిచ్ అనే యువ కళాకారులైన సోదరులూ వాళ్ళ మిత్రుడు లె దాంత్యూ ఓ దుఖాన్‌లో ఈ బొమ్మలు చూసి నివ్వెరపోయారు. మరుసటేడే కొన్ని మాస్కో ప్రదర్శనకెక్కాయి. 1916లో జార్జియా కళాకారుల సంఘం ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది. ఆ వెంటనే ఓ పత్రిక ఆయన మీద వెటకారపు కార్టూన్ వేసింది. మనసు విరిగి మళ్ళీ మాయమయ్యాడు. 1918 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్యానికి నెల ముందు, తిండి లేక చిక్కి చనిపోయాడు. సమాధి ఎక్కడో ఖాయంగా ఎవరికీ తెలియదు. 1995లో కొత్త కరెన్సీ వచ్చినప్పుడు 1 లారి నోటు మీద ఆయన బొమ్మే అచ్చేశారు.

పిరోస్మాని తర్వాత కథ చిక్కుపడుతుంది. 1918 నాటి స్వాతంత్ర్యం ఎంతో కాలం నిలవలేదు. తర్వాత వచ్చిన సోవియట్లు దుఖాన్‌లను మింగేశారు, అదే చేత్తో జార్జియా వంటను తమ యావద్దేశపు పండుగ వంటగా మార్చారు. 1985లో గోర్బచెవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో ద్రాక్షతోటలు నరికించారు. తొంభైలలో అంతర్యుద్ధం, కరెంటు లేని చలికాలాలు. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. 2013లో ఆ నిషేధం తొలగింది. అదే ఏడు భూమిలో పాతిపెట్టే మట్టి పాత్ర క్వెవ్రీలో వైన్ పులియబెట్టే పద్ధతికి యునెస్కో గుర్తింపు దక్కింది. ఇందులో ఏది దెబ్బో, ఏది మేలో అక్కడివాళ్ళే ఒకమాట మీద లేరు.

ఇవాళ కాఖేతిలోని సిఘ్నాఘీ లాంటి ఊళ్ళలో ఇంటివాళ్ళే నడిపే భోజనశాలలున్నాయి. వంటింట్లో ముసలమ్మ, వడ్డనకు కొడుకు, గోడ మీద తప్పకుండా పిరోస్మాని ప్రింటు. ముందుగా వచ్చేది ఖచాపురి, కరిగిన చీజ్ కూరిన రొట్టె. దేశంలో ధరల పెరుగుదలను దీని ఖర్చుతోనే లెక్కగట్టే ఆర్థికవేత్తలున్నారు. తర్వాత ఖింకాలి, మాంసం కూరి ఉడికించిన మోమో లాంటిది. మడతలన్నీ పైన ముడి దగ్గర కలుస్తాయి. ఆ ముడి పట్టుకుని తలకిందులు చేసి, అంచు కొరికి, లోపలి వేడి రసం జుర్రుకుని, ఆపైన తినాలి. ఫోర్కుతో పొడిస్తే రసమంతా పళ్ళెం పాలు. గట్టిపడిన ముడిని మాత్రం పక్కన పెడతారు, ఎవరెన్ని తిన్నారో వాటిని లెక్కిస్తే సరి. వంకాయ చుట్టల్లో కూరిన అక్రోటు ముద్దలో వెల్లుల్లి, ధనియాలతోపాటు బంతిరేకల పొడి కలుపుతారు. మనం గుమ్మానికి కట్టే పువ్వు అక్కడ పోపులపెట్టెలో ఉంటుంది.

ఇప్పుడు టిబిలిసి వైద్య కళాశాలల్లో తెలుగు పిల్లలు చాలామంది. చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రుల్లో శాకాహారులు బెంగపడతారు. అక్కర్లేదు. ఆర్థడాక్స్ చర్చి ఉపవాసాలు ఏడాదిలో చాలా రోజులుంటాయి కనుక మాంసం, పాలు, గుడ్డు లేని వంటలు బోలెడు. ‘సమర్ఖ్వో’ అని అడిగితే చాలు, పాలకూర ముద్ద, రాజ్మా కుండ, పుట్టగొడుగుల ఖింకాలి వరసగా బల్ల మీదికొస్తాయి. ఇద్దరికి చెప్పింది నలుగురికి సరిపోతుంది కాబట్టి కాస్త తగ్గించే చెప్పండి.