జోలె పట్టిన పాట

మా శ్రీముఖలింగంలో స్వామి పేరు మధుకేశ్వరుడు. మధూకమంటే ఇప్పచెట్టట. నాకు మాత్రం ఆ పేరు వింటే మాధుకరమే గుర్తొస్తుంది. తేనెటీగ పువ్వు పువ్వుకీ తిరిగినట్టు, ఇల్లిల్లూ తిరిగి అన్నం అడగడం.

విజయనగరం వీధుల్లో అలా జోలె పట్టినవాడు ఘంటసాల. 1922లో కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టి, తండ్రి పోయాక సంగీతం కోసం ఇంతదూరం వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పాఠం చెప్పారు. సరే, మరి ఆకలి మాటో? ఆ జోలెలో తొలి ముద్ద వేసింది సరిదె లక్ష్మీనరసమ్మ అని ఊళ్ళో చెప్పుకుంటారు. కళావర్ రింగు అంటే ఆవిడే. కళావంతుల ఇంటి గాయని. ఆవిడ పాటకి తలలూపిన పెద్దమనుషులు ఆ ఇంట మంచినీళ్ళయినా ముట్టేవారా అని నా అనుమానం! ఇక మధ్యాహ్నంవేళ తలుపు తీసి పిడికెడు మెతుకులు వేసిన మిగతా ఇల్లాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు కనుక?

తర్వాత మద్రాసు. ‘పాతాళభైరవి’కి, ‘మాయాబజార్’కి స్వరాలు కట్టాడు. 1971లో యూరప్, అమెరికా వెళ్ళి పాడాడు. క్యూబాలో పెరిగిన జేవియర్ కుగాట్ అనే బ్యాండు మాస్టరు, న్యూయార్కులో పెద్ద హోటల్లో వాయించి అమెరికా వాళ్ళచేత రుంబా ఆడించాడు. ఘంటసాల ఎవరిచేతా అడుగులు వేయించలేదు. పొట్ట చేతపట్టుకుని సముద్రాలు దాటిన మనవాళ్ళ ఎదుట కూర్చుని, తెలుగులో పాడాడు. 1974లో పోయాడు. నిండా 52 ఏళ్ళయినా లేవు పాపం.