బీసీజీ మచ్చ వెనక కథ

మనలో చాలామందికి ఎడమ భుజం మీద చిన్న గుంటలాంటి మచ్చ ఉంటుంది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా గుర్తు అది. క్షయ కోసం వేసిన ఆ టీకా, క్షయతో ఏ సంబంధమూ లేని జబ్బుల నుంచి కూడా పిల్లల్ని కాస్తోంది కాబోలన్న అనుమానం తొంభై ఏళ్ల నాటిది.

ముందు టీకా సంగతి. 1908లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే కాల్మెత్, గెరాన్ అనే శాస్త్రవేత్తలు పశువుల క్షయ క్రిమిని గ్లిజరిన్ పట్టించిన బంగాళదుంప ముక్కల మీద పెంచసాగారు. క్రిములు ఉండలు కట్టకుండా ఎద్దు పైత్యరసం కలిపారు. తీరా చూస్తే క్రిమి వాడి తగ్గడం మొదలైంది. దాంతో మూడు వారాలకోసారి దాన్ని కొత్త ముక్క మీదికి మారుస్తూ పోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించుకున్నా పని ఆపలేదు. 13 ఏళ్లు, 230 మార్పిళ్లు. 1921లో పారిస్‌లో ఒక పసికందుకు తొలి మోతాదు నోట్లో వేశారు.

స్వీడన్ ఉత్తర కొసన ఉన్న నార్‌బోటెన్‌లో కార్ల్ నెస్లుండ్ అనే వైద్యుడు 1927 నుంచి ఈ టీకా వేయించాడు. 1932లో లెక్క చూస్తే, టీకా పడ్డ పిల్లల్లో మరణాలు మిగతావారిలో కన్నా దాదాపు మూడో వంతే. ఆ తేడా మొదటి ఏడాదిలోనే కనబడింది. ఆ వయసులో పిల్లలు చనిపోయేది ఎక్కువగా క్షయతో కాదు. టీకా వేయించుకున్న ఇళ్లు కాస్త కలిగినవేమో అనే ఆక్షేపణకు చోటుంది, నిజమే. కానీ శరీరానికి ఏదో సాధారణ రక్షణ అందుతోందని ఆయన రాసిన మాటను ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మాట ఇమడడానికి శాస్త్రంలో చోటే లేదు మరి. క్రిమి కనబడగానే మీదపడే సహజ రక్షణకు జ్ఞాపకం ఉండదని, జ్ఞాపకం పెట్టుకునేది యాంటీబాడీలు తయారుచేసే ఆర్జిత వ్యవస్థేనని పుస్తకాలన్నీ చెప్పేవి. యాంటీబాడీలే లేని మొక్కల మాటేమిటి? పొగాకు మొక్కలో ఒక ఆకుకు మొజాయిక్ వైరస్ తగిలిస్తే మిగతా ఆకులూ గట్టిపడతాయని 1961లోనే రాస్ అనే అమెరికన్ చూపాడు.

మన దేశంలో బీసీజీ 1948లో మదనపల్లెలో మొదలైంది. తర్వాత 1968లో చెంగల్పట్టు జిల్లాలో లక్షలమందిపై మొదలుపెట్టిన పరీక్షలో అది పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలింది. మరోపక్క ఆఫ్రికాలోని గినీ-బిసావులో పీటర్ ఆబీ అనే పరిశోధకుడి బృందం, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు వెంటనే బీసీజీ వేస్తే మొదటి నెల మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయని చూపింది. చేయమన్న పని సరిగా చేయని టీకా, ఎవరూ అడగని పని చేసిపెడుతోంది!

ముడి విప్పింది నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో పనిచేసే రొమేనియా వైద్యుడు మిహాయ్ నెటెయా. సహజ రక్షణకూ ఒక తరహా జ్ఞాపకం ఉంటుందంటూ 2011లో ఆయన బృందం దానికి ‘ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ’ అని పేరు పెట్టింది. మరుసటి ఏడాది బీసీజీ వేసుకున్నవారి రక్తంలోని మోనోసైట్లను (సహజ రక్షణలో భాగమైన తెల్లకణాలను) పరీక్షిస్తే, క్షయ క్రిమికే కాదు, కాండిడా శిలీంధ్రానికి, స్టాఫ్ బాక్టీరియాకు కూడా అవి మునుపటికన్నా గట్టిగా బదులిచ్చాయి. డీఎన్ఏలో మార్పేమీ లేదు. దారం ఉండలా చుట్టుకుని ఉన్న ఆ డీఎన్ఏ కొన్నిచోట్ల వదులై, అక్కడి జన్యువులు చప్పున చదవడానికి వీలుగా తెరుచుకుని ఉన్నాయి. కానీ మోనోసైటు రక్తంలో బతికేది కొద్దిరోజులే. జ్ఞాపకం నెలల తరబడి ఎలా నిలుస్తుంది? ఎముక మజ్జలోని మూలకణాల్లోనే ఆ గుర్తు పడుతోందని 2018లో ఎలుకల్లో తేలింది.

దీన్ని వరంగా చూపే ఉత్సాహం కోవిడ్‌లో హద్దు దాటింది. ఆరోగ్య కార్యకర్తలపై జరిగిన పెద్ద పరీక్షలో బీసీజీ ఆ జబ్బును ఆపలేదు.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేది ఈ జ్ఞాపకం తెచ్చిపెట్టే చేటు. జర్మనీలోని బాన్‌లో ఎలుకలకు నాలుగు వారాలు కొవ్వు, చక్కెర దండిగా ఉన్న తిండి పెట్టారు. మామూలు మేతకు మార్చాక ఒంట్లో వాపు తగ్గింది కానీ, రక్షణ కణాల దూకుడు తగ్గలేదు. పుట్టుకతో కొలెస్ట్రాల్ ఎక్కువున్న మనుషుల్లోనూ ఇదే తంతు. నైమెఖెన్ బృందం వారికి మూడు నెలలు స్టాటిన్ మాత్రలు ఇచ్చి చూసింది. కొలెస్ట్రాల్ దిగింది. మోనోసైట్లు మాత్రం మునుపటంత దూకుడుగానే ఉన్నాయి.