బార్సూమ్‌లో నగ్నత

బార్సూమ్ అనేది అమెరికన్ రచయిత ఎడ్గార్ రైస్ బరోస్ (1875–1950) కల్పించిన అంగారక గ్రహం. అక్కడివాళ్లు తమ గ్రహాన్ని ఆ పేరుతోనే పిలుచుకుంటారు. 1912 నుంచి 1943 వరకు పత్రికల్లో వెలువడిన ఈ కథల్లో రాజులు, బానిసలు, స్త్రీలు, పురుషులు అందరూ దాదాపు నగ్నంగానే ఉంటారు. ఆయుధాలు తగిలించుకునే తోలు పట్టీలు, నగలు, హోదాను తెలిపే లోహపు చిహ్నాలు తప్ప వాళ్ల ఒంటి మీద మరేమీ ఉండవు. నగ్నతను సిగ్గుతోనో పాపంతోనో ముడిపెట్టకుండా ఒక నాగరికత సహజస్థితిగా ఇంత విస్తారంగా చూపిన తొలితరం వైజ్ఞానిక కల్పనల్లో బార్సూమ్ నవలలకు ప్రత్యేక స్థానం ఉంది. తర్వాతి నూరేళ్లలో ఆ పాత్రలను బొమ్మల్లో, కామిక్స్‌లో, సినిమాల్లో చూపినవాళ్లు వాటికి బట్టలైనా తొడిగారు, లేదా ఆ నగ్నతను సరుకైనా చేశారు.

నేపథ్యం

1877లో ఇటాలియన్ ఖగోళ శాస్త్రవేత్త జొవాన్నీ స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతల్లాంటివి చూశానని ప్రకటించాడు. అవి ఎండిపోతున్న గ్రహం మీద బుద్ధిజీవులు తవ్వుకున్న కాలువలని అమెరికన్ పర్సివల్ లోవెల్ వాదించాడు. 1895లో, 1906లో అతను రాసిన పుస్తకాలు సామాన్య పాఠకుల్లోకి బాగా వెళ్లాయి. బరోస్ కట్టిన లోకానికి ఈ ఊహే పునాది. సముద్రాలు ఇంకిపోయి, గాలిని సైతం యంత్రాలతో తయారు చేసుకోవలసివచ్చిన ముసలి గ్రహం అది.

రెండో మూలం రచయిత జీవితం. బరోస్ 1896–97లో అరిజోనాలోని ఫోర్ట్ గ్రాంట్‌లో ఏడవ అశ్వికదళ సైనికుడిగా పనిచేశాడు. ఎడారి, కొండలు, ఆ ప్రాంతంలో చెప్పుకునే అపాచీ యుద్ధాల కథలు అతని అంగారకుడిలోకి నేరుగా దిగాయి. ఆ తర్వాత ఎన్నో ఉద్యోగాలు మారి, ముప్పై ఆరో ఏట షికాగోలో కలం పట్టాడు. తొలి కథ 'అండర్ ది మూన్స్ ఆఫ్ మార్స్' 1912 ఫిబ్రవరి నుంచి జూలై వరకు 'ఆల్-స్టోరీ' పత్రికలో ధారావాహికగా వచ్చింది. దానికి 400 డాలర్లు ముట్టాయి. తాను మామూలు బుర్ర ఉన్న మనిషినేనని సూచించేలా 'నార్మల్ బీన్' అనే కలం పేరు పెట్టుకుంటే, అచ్చులో అది 'నార్మన్ బీన్' అయింది. 1917లో అదే కథ 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' పేరుతో పుస్తకమైంది.

అప్పటి అమెరికాలో ఒంటి గురించిన పట్టింపు ఎలాంటిదో తెలిస్తేనే బరోస్ చేసిన పని విలువ తెలుస్తుంది. అశ్లీల సాహిత్యం తపాలాలో వెళ్లకుండా చేసిన కామ్‌స్టాక్ చట్టం 1873 నుంచి అమల్లో ఉంది. 1913 మార్చిలో, అంటే రెండో నవల 'ది గాడ్స్ ఆఫ్ మార్స్' అదే పత్రికలో నడుస్తుండగా, పాల్ షబాస్ చిత్రం 'సెప్టెంబర్ మోర్న్' ప్రతి ఒకటి షికాగోలో ఒక దుకాణం అద్దాల వెనుక కనబడింది. నీళ్లలో నిలబడిన నగ్న యువతి బొమ్మ అది. పోలీసులు కేసు పెట్టారు, జ్యూరీ దుకాణదారుణ్ణి నిర్దోషిగా వదిలేసింది. రెండు నెలలకు, ఆ చట్టం వెనుక ఉన్న ఆంథొనీ కామ్‌స్టాకే న్యూయార్క్‌లో ఆ బొమ్మ మీద అభ్యంతరం లేవనెత్తాడు. ఒక్క బొమ్మకు అంత రభస జరుగుతున్న రోజుల్లోనే, ఒక గ్రహం మొత్తం నగ్నంగా తిరుగుతున్న కథను జనం వారాల తరబడి ఎదురుచూసి చదివారు. మాటల్లో చెప్పింది, కంటికి చూపింది ఒకే కొలతతో తూగవని బార్సూమ్ చరిత్ర మొదటి అడుగులోనే తేలింది.

నవలల్లో నగ్నత

కథానాయకుడు జాన్ కార్టర్ వర్జీనియాకు చెందిన మాజీ కాన్ఫెడరేట్ సైన్యాధికారి. 1866లో అరిజోనాలో అపాచీలు తరుముతుండగా ఒక గుహలో చేరతాడు. అక్కడ అతని దేహం నేలమీద ఉండిపోతుంది. దుస్తులు లేని మరో దేహంతో లేచి నిలబడి, ఆకాశంలో ఎర్రగా వెలిగే అంగారకుణ్ణి చూస్తూ చూస్తూ అక్కడికే చేరుకుంటాడు. అలా అతని అంగారక జీవితం పుట్టినప్పటి స్థితిలోనే మొదలవుతుంది. పదిహేను అడుగుల ఎత్తు, నాలుగు చేతులు ఉన్న పచ్చని థార్కులు అతణ్ణి బంధిస్తారు. వాళ్లకూ నగలే తప్ప బట్టల్లేవు. కొత్తవాడి నగ్నతను అక్కడ ఎవరూ పట్టించుకోరు, అతని రంగునూ అతను వేసే గంతులనూ చూసి మాత్రం ఆశ్చర్యపోతారు.

హీలియం నగరపు ఎర్రజాతి రాకుమారి డెజా థోరిస్ కూడా ఆ థార్కుల చేతికే బందీగా చిక్కుతుంది. చక్కని పనితనమున్న ఆభరణాలు తప్ప ఆమె ఒంటి మీద ఏమీ లేదని కార్టర్ మొదటి చూపులోనే చెబుతాడు. తర్వాత ఆ ఇద్దరి మధ్య జరిగే సంభాషణ ఈ విషయంలో మొత్తం గ్రంథమాలకే కీలకం. బార్సూమ్ శాస్త్రజ్ఞులు శక్తివంతమైన పరికరాలతో భూమిని చూస్తుంటారని ఆమె చెబుతుంది. భూమి మనుషులు ఒంటికి వికారమైన గుడ్డముక్కలు చుట్టుకుంటారని, నెత్తిన అంతకన్నా వికారమైనవి పెట్టుకుంటారని వాళ్లు గమనించారు. నగలు లేవు కాబట్టి కార్టర్ బార్సూమ్ వాడు కాకపోవచ్చు, అసహ్యమైన కప్పడాలు లేవు కాబట్టి భూమి వాడా అన్నదీ అనుమానమేనని ఆమె తర్కం. బట్టలు కట్టుకోవడమే వింత ఆచారంగా కనబడే స్థలంలో పాఠకుణ్ణి నిలబెట్టడంలో బరోస్ నేర్పు మెచ్చదగినది.

హోదా, జాతి, వృత్తి చెప్పే పని బట్టలకు బదులు తోలు పట్టీలది, వాటికి బిగించిన లోహానిది. థార్కుల్లో ఒక యోధుణ్ణి చంపినవాడికి అతని లోహం, దానితోపాటు పదవి దక్కుతాయి. కార్టర్ బందీగా ఉండగానే నాయకుడయ్యేది ఈ ఆచారం వల్లే. ఏ రాజ్యం చిహ్నమూ లేని సాదా తోలు పట్టీలు తగిలించుకున్నవాణ్ణి పాంథన్ అంటారు. అతను ఎవరు కూలి ఇస్తే వాళ్ల తరఫున కత్తి పట్టే సిపాయి. మారువేషం వేయాలంటే పట్టీలు మార్చుకోవాలి, చర్మానికి రంగు పూసుకోవాలి. శత్రునగరం జొడాంగాలో ప్రవేశించడానికి కార్టర్ ఒళ్లంతా ఎర్రరంగు పూసుకుంటాడు. చర్మం జాతిని చెబుతుంది, తోలు పదవిని చెబుతుంది. ఆ గ్రహం మీద నగ్నంగా ఉన్నవాడు అనామకుడేం కాదు, ఎదుటివాడికి చదవడం వస్తే అతని చరిత్రంతా ఒంటి మీదే ఉంటుంది.

మర్యాద

దేహం విషయంలో పట్టింపు లేని ఈ సమాజం మాట విషయంలో మహా పట్టింపు గలది. స్త్రీ కోసం పోరాడి గెలిచినవాడు ఆమెను పెళ్లికి అడగవచ్చు. అలా గెలిచి అడిగినవాడికే 'నా రాకుమారి' అని పిలిచే హక్కు. ఈ సంగతి తెలియని కార్టర్ పోరాడి గెలిచాక, పెళ్లి ఊసెత్తకుండానే ఆ మాట అనేస్తాడు. డెజా థోరిస్ తీవ్రంగా నొచ్చుకుని ముఖం చాటేస్తుంది. నగ్నంగా ఎదురుగా కూర్చున్నప్పుడు లేని అమర్యాద ఒక్క సంబోధనలో వచ్చిపడింది.

ఇదే నవలలో మరో ఘట్టం ఉంది. పగలు వెచ్చగా ఉన్నా బార్సూమ్‌లో రాత్రులు గడ్డకట్టే చలి. పడుకోవడానికి పట్టుబట్టలు, బొచ్చుతోళ్లు వాడతారు. అలాంటి ఒక రాత్రి కార్టర్ తన పట్టువస్త్రం తీసి ఆమె భుజాల మీద కప్పుతాడు. అతని చేయి క్షణంపాటు ఆమెకు తగులుతుంది. తాను ప్రేమలో పడ్డానని అతనికి తెలిసివచ్చేది అప్పుడే. రోజుల తరబడి చూస్తున్న నగ్న దేహం రేపని కదలికను ఆ దేహాన్ని కప్పడం రేపింది. బరోస్ శృంగారాన్ని నగ్నత నుంచి ఎంత స్పష్టంగా విడదీశాడో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ గ్రంథమాలలో లేదు.

తర్వాతి నవలలు

'ది వార్‌లార్డ్ ఆఫ్ మార్స్' (1913–14) ఉత్తర ధ్రువానికి వెళుతుంది. మంచుదేశం ఒకార్‌లోని పసుపు జాతి ఓర్లుక్ అనే మృగం చారల తోలు కప్పుకుంటుంది. అది చలికోసమే, సిగ్గుకోసం కాదు. 1922లో వచ్చిన 'ది చెస్‌మెన్ ఆఫ్ మార్స్' దేహమంటే ఏమిటన్న ప్రశ్ననే మలుపు తిప్పింది. అందులో కాల్డేన్లు దాదాపు తలలు మాత్రమే ఉన్న జీవులు. తలలేని రైకోర్లు వాటికి వాహనాలు. అందమైన మానవ దేహాల్లాంటి రైకోర్లను పశువుల్లా పెంచి, అవసరమైనప్పుడు మెడ మీద ఎక్కి నడుపుతారు. అక్కడ దేహానికి సిగ్గు లేకపోవడమే కాదు, గౌరవమూ లేదు. హీలియం సమాజం దేహాన్ని దాచదు, అలాగని తృణీకరించదు అన్న తేడా ఈ పోలికలో పదునుగా తెలుస్తుంది. ఆ తర్వాతి నవలల్లో నగ్నత కొత్త చర్చేమీ లేకుండా అలవాటైన వర్ణనగా కొనసాగింది.

చిత్రకారులు

నవలలకు బొమ్మలు గీయవలసివచ్చినప్పుడు చిక్కు మొదలైంది. 1917 నాటి తొలి పుస్తకానికి ఫ్రాంక్ స్కూనోవర్ బొమ్మలు గీశాడు. 'వార్‌లార్డ్' నుంచి ఎక్కువ పుస్తకాలకు జె. అలెన్ సెయింట్ జాన్ గీశాడు. ఇద్దరూ సమర్థులే. ఎగిరే పట్టువస్త్రాలు, నడుము చుట్టూ తోలు, సరైన చోట పడే నీడ, అడ్డొచ్చే కత్తి వాళ్ల సాధనాలు. సెయింట్ జాన్ బొమ్మల్లోని హుందాతనం రచయిత వచనానికి దగ్గరగా ఉంటుంది. పాత్రలు బట్టల్లేకుండా ఉన్నారన్న స్పృహ కన్నా వాళ్లు ఏదో పనిలో ఉన్నారన్న స్పృహ చూసేవాడికి ముందు కలుగుతుంది.

1960ల మొదట్లో బరోస్ రచనలు చౌక ప్రతులుగా వెల్లువెత్తాయి. రాయ్ క్రెంకెల్, బాబ్ ఆబెట్ కొత్త ముఖచిత్రాలు గీశారు. 1970లో డబుల్‌డే ప్రచురణకు ఫ్రాంక్ ఫ్రజెటా గీసిన 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' చిత్రంతో బార్సూమ్ దృశ్యరూపం స్థిరపడిపోయింది. కండలు తిరిగిన వీరుడు, పక్కన ఒంటి వంపులు ప్రధానంగా కనబడే స్త్రీ. చిత్రకళగా అది గొప్ప పని. అయితే నవలలో స్త్రీ పురుషుల నగ్నత సమానం, ఈ సంప్రదాయంలో చూపు స్త్రీ మీదే ఆగుతుంది. ఈలోగా 1965 జూలైలో మెరైనర్ 4 వ్యోమనౌక అంగారకుడి దగ్గరగా వెళ్లి, గాలి అత్యంత పలచగా ఉన్న, గుంతలు పడ్డ నేలను చూపింది. అక్కడ నగ్నంగా మనుషులు బతుకుతారన్న ఊహ శాస్త్రం నుంచి పూర్తిగా జానపదం వైపు జరిగింది. చిత్రకారులకు అది మరింత స్వేచ్ఛనిచ్చింది.

కామిక్స్, చలనచిత్రాలు

1930ల మధ్యలో బాబ్ క్లాంపెట్ బార్సూమ్ కథను యానిమేషన్‌గా తీయాలని నమూనా దృశ్యాలు తయారుచేశాడు, ఎంజీఎం స్టూడియో ముందుకు రాలేదు. 1941 నుంచి 1943 వరకు రచయిత కొడుకు జాన్ కోల్‌మన్ బరోస్ ఆదివారం పత్రికల్లో చిత్రకథ నడిపాడు. 1950లలో డెల్ సంస్థ కామిక్స్ వచ్చాయి.

1954లో కామిక్స్ పరిశ్రమ తనకు తానే కట్టుబాట్ల నియమావళి పెట్టుకుంది. దాని నీడలోనే 1972లో డీసీ సంస్థ 'వియర్డ్ వరల్డ్స్'లోనూ, 1977 నుంచి 1979 వరకు మార్వెల్ 28 సంచికల్లోనూ కార్టర్ కథలు వేశాయి. డెజా థోరిస్‌కు లోహపు బికినీలాంటిది తొడిగారు. హోదా చెప్పే పట్టీలు పోయి, దాచవలసిన చోట దాచే చిన్న ఆచ్ఛాదన వచ్చింది. బార్సూమ్‌లో లేని సిగ్గు ఆ చిన్న ముక్కతో కథలోకి వచ్చింది.

2010లో మొదలైన డైనమైట్ సంస్థ కామిక్స్ దీనికి రెండో కొస. తొలి నవలలు అమెరికాలో హక్కుల గడువు దాటినవి కావడంతో అనుమతి అక్కర్లేదని ఆ సంస్థ భావించింది. కొన్ని ప్రత్యేక ముఖచిత్రాల్లో డెజా థోరిస్‌ను పూర్తి నగ్నంగా, రెచ్చగొట్టే భంగిమల్లో వేసింది. 2012లో బరోస్ వారసుల సంస్థ వ్యాపార చిహ్నాల హక్కు మీద దావా వేసింది. ఆ ముఖచిత్రాలు అశ్లీలపు అంచున ఉన్నాయన్నది ఫిర్యాదులో ఒక భాగం. 2014లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. మూలరచనలో పాత్ర నగ్నంగానే ఉంటుంది. అయినా ఈ అభ్యంతరం అర్థరహితం కాదు. నగ్నత రెండుచోట్లా ఉన్నా, చూపించే ఉద్దేశం ఒకటి కాదు.

అదే 2012 మార్చిలో ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వంలో డిస్నీ చిత్రం 'జాన్ కార్టర్' విడుదలైంది. టేలర్ కిట్ష్, లిన్ కాలిన్స్ ప్రధాన పాత్రధారులు. కుటుంబ ప్రేక్షకుల కోసం తీసినది కాబట్టి అందరికీ దుస్తులున్నాయి. అయితే ఎర్రజాతి చర్మం మీద ఎర్రని పచ్చబొట్ల అల్లికలు వేశారు. ఒంటి మీదే గుర్తింపు రాసి ఉంటుందన్న నవల ఆలోచన ఆ పచ్చబొట్లలో కొంత నిలిచింది.

విమర్శ

బరోస్ నగ్నతను ఆదర్శ సమానత్వంగా చదవడం పూర్తిగా సరికాదు. కథ చెప్పేది పురుషుడు. అతని వర్ణన రాకుమారి అందం మీద నిలిచినంతసేపు యోధుల మీద నిలవదు. ప్రతినాయకుల కోరికకు స్త్రీలు గురికావడం నవల తర్వాత నవలలో కథను నడిపే ఇంధనం. నగ్నంగా ఉండే పచ్చని తెగలను క్రూరులుగా చూపడంలో నాటి తెల్ల అమెరికన్లకు స్థానిక తెగల మీద ఉన్న దురభిప్రాయం ధ్వనిస్తుంది.

అయినా ఆ దురభిప్రాయాన్ని బరోస్ సగంలోనే తెంచాడు. నగ్నత అనాగరికతకు గుర్తని అతని తరం నమ్మింది. ఆకాశనౌకలు నడిపే, గాలిని తయారుచేసే, దూరగ్రహాలను పరిశీలించే హీలియం పౌరులు కూడా థార్కుల్లాగే నగ్నంగా ఉంటారు. నాగరికతను గుడ్డతో కొలవడం ఆ ఒక్క ఏర్పాటుతో చెల్లకుండా పోయింది. తర్వాతి వైజ్ఞానిక కల్పనా రచయితల్లో రాబర్ట్ హైన్‌లైన్ నగ్నతను నిస్సంకోచంగా వాడుకున్నాడు. 1980 నాటి 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో తన పాత్రలకు డెజా థోరిస్, జాన్ కార్టర్ పేర్లు పెట్టి ఆ రుణం బాహాటంగా ఒప్పుకున్నాడు. బార్సూమ్‌ను దాని మొదటి రూపంలో చూడదలచినవాళ్లు బొమ్మల కన్నా ముందు 1912 నాటి వచనాన్ని చదవడం మేలు. అందులోని నగ్నత ఎవరి కోసమూ ప్రదర్శన కాదు, అక్కడివాళ్ల రోజువారీ జీవితం.